తొమ్మిది నడుముల కొలత

శాన్ కస్మే, కతందువానెస్ దీవి
9 ఫిబ్రవరి 1988

ఎర్మీ అక్కకి,

బాసిలియో భార్య మీ వీధిలోనే ఉంటుంది కాబట్టి ఆమె నోట వినకముందే నేను రాస్తున్నాను. పోయిన గురువారం మా వడ్రంగుల్లో గ్లిసెరియో చర్చి కప్పు మీద నుంచి పడ్డాడు. బతికే ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది, ఎడమ ముంజేయి కూడా. విరాక్ ఆసుపత్రిలో పెట్టారు.

పొద్దున పది గంటలప్పుడు జరిగింది. వాన లేదు, గాలి లేదు. నా పక్క వాసం మీదే మేకులు కొడుతున్నాడు. తొడ దూలానికి ఆనించి పక్కకి వంగాడు. నేను తల తిప్పి చూసేసరికి అక్కడ మనిషి లేడు. పాటలు పాడేవాళ్లు నిలబడే చెక్క అరుగు మీద పడ్డాడు గనక ప్రాణం దక్కింది. అది లేకపోతే కింద రాతినేలే.

ఫాదరు వచ్చి "ఎలా పడ్డాడు ఒనెసిమో?" అని అడిగారు. "తాగి ఉంటాడు ఫాదర్" అన్నాను. పెళ్లికి ముందు వాడెలా ఉండేవాడో నీకు అప్పట్లో రాశానుగా.

నువ్వు కుట్టి పంపిన తొమ్మిది బెల్టులూ బాగున్నాయి. సుత్తీ ఉలీ మేకులూ అన్నీ నడుముకే ఉంటున్నాయి గనక మేకుల కోసం మాటిమాటికీ కిందికి దిగే పని తప్పింది. సగం రోజుకి సరిపడా సంచిలో నింపుకుని ఎక్కుతున్నాం. బరువుకి జారకుండా రెండేసి రంధ్రాలు బిగించుకున్నాం. "మీ అక్క నడుం పట్టుకుని నిలబెట్టినట్టుంది" అంటాడు బాసిలియో. నీ బెల్టు గురించి బెంగ పెట్టుకోకు.

ఇంకొకటి. నాన్నకి జబ్బు మొదలైనప్పుడు ఏ కాలు ముందు మొద్దుబారింది? పాదం నుంచా, తొడ నుంచా? బాసిలియోకీ నాకూ ఊరికే వాదన వచ్చింది, అందుకని అడుగుతున్నాను.

నీ తమ్ముడు,
సిమో


మరికినా
20 ఫిబ్రవరి 1988

సిమో,

బాసిలియో మన నాన్నని ఎప్పుడూ చూడలేదు. చూడని మనిషితో నీకేం వాదన వచ్చింది?

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి తోలు కుట్టే ఆరె చేతిలో నిలవడం లేదు. నిన్న రెండుసార్లు వేలికే గుచ్చుకున్నాను. గ్లిసెరియో పడ్డాడని చదవగానే ముందు నా చెయ్యి దారం ఉండ మీదికి వెళ్లింది. అతని బెల్టు కోసిన తోలులో మిగిలిన ముక్క వెతికి తీసి, రెండు చేతులా లాగి చూశాను, కాలితో తొక్కి పట్టి లాగి చూశాను. తెగలేదు. అయినా నాకు నమ్మకం కుదరడం లేదు. కుట్టు ఊడి సంచి ఒక పక్కకి వేలాడిందా? బకిలు విరిగిందా? బరువు ఒక్కసారిగా మారితే వాసం మీద మనిషి నిలవలేడు. దాచకుండా రాయి. ఆ బెల్టు నాకు పంపించు, కడగొద్దు, తుడవొద్దు, ఎలా ఉన్నది అలాగే పంపు.

నాన్న సంగతి. ఎడమ కాలు. పాదం నుంచి మొదలైంది. వేడి గంజి పాదం మీద ఒలికితే ఆయనకి తెలియలేదు, అమ్మ కేక వేస్తే కిందికి చూసుకున్నాడు. ఆ తర్వాత నాలుగేళ్లు మంచం మీద ఉన్నాడు. నీకప్పుడు పదమూడేళ్లు, ఆయన్ని తిప్పి పడుకోబెట్టింది మనిద్దరమే. నువ్వు మర్చిపోయే విషయం కాదు.

నీకు ఏ కాలు?

ఎర్మీ


శాన్ కస్మే
3 మార్చి 1988

అక్కా,

బెల్టునీ ఈ ఉత్తరాన్నీ మరికినా వస్తున్న మనిషి చేతికే ఇస్తున్నాను, టపా కన్నా ముందు చేరతాయి. కుట్టు ఊడలేదు, బకిలు విరగలేదు. వాడితో పాటు పడి, వాడి నడుముకే ఉంది. ఆసుపత్రిలో కత్తిరించబోతే వద్దని నేనే విప్పాను.

నాకు కుడి కాలు. తొడ బయటి వైపు.

క్రిస్మస్ ముందు మొదలైంది. మొదట చీమలు పాకినట్టుండేది. తర్వాత మరిగే కొబ్బరిపాలు ఒలికినట్టు మంట. ఇప్పుడు అరచేయంత మేర నాది కాదు. మేకు మొనతో నొక్కి చూసుకుంటాను, తెలియదు. రోజూ నొక్కుతాను. నొక్కిన ప్రతిసారీ తెలియాలని అనుకుంటాను, తెలియదు. నాన్నకి మొదలైనప్పుడు నలభై ఒకటి. నాకు ముప్పై తొమ్మిది.

నిన్న దూలానికి తొడ ఆనించి వంగాను. ఆనిందనే అనుకున్నాను. ఆనలేదు. మధ్యలో జానెడు ఖాళీ ఉంది. తాడు చేతికి అందింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. పక్కనున్న వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. కిందికి దిగి చర్చి వెనక వాంతి చేసుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఫాదరు నన్ను దింపేస్తారు. మేస్త్రీయే దిగిపోతే మిగతావాళ్లు ఎక్కరు. తుపాను కప్పు ఎగరగొట్టుకుపోయాక ఈ ఊరంతా టార్పాలిను కిందే పూజలు చేసుకుంటోంది. జూను వచ్చిందంటే మళ్లీ గాలులు మొదలవుతాయి. మా ఆవిడకి ఒక్క ముక్క కూడా చెప్పకు. పిల్లల ఎదుట అసలే అనకు.

సిమో


మరికినా
16 మార్చి 1988

తమ్ముడూ,

దీన్ని నిలబడి చదువు, చదివి వెంటనే బెల్టు విప్పెయ్యి. మిగతాది తర్వాత చదవొచ్చు.

గ్లిసెరియో బెల్టు వచ్చింది. బల్ల మీద పరిచి చూశాను. నేను కొట్టిన రంధ్రాలు ఆరు. అతను కత్తితో ఏడోది పొడుచుకున్నాడు. అంతగా బిగించాడు. తడిసి ఆరిన తోలు ఇంకా బిగుసుకుని ఉంటుంది. ముందు వైపు, తుంటి ఎముకకి కాస్త లోపలగా, బెల్టు కింది అంచు నల్లగా నొక్కుకుపోయి ఉంది. ఎడమ వైపు అలా లేదు. సంచీ, సుత్తి తగిలించే కొక్కెమూ అన్నీ కుడి పక్కనే ఉన్నాయి. సంచిలో ఇంకా మేకులున్నాయి. వంటింటి త్రాసులో తూచాను. సుత్తీ ఉలీ కలిపితే ఆరు కిలోలు దాటుతుంది.

నాకు ఇంకో దారి తోచలేదు. అదే బెల్టు నేను కట్టుకున్నాను, అదే బరువుతో, అతను బిగించినంతా బిగించి. పొద్దున కట్టుకుని బల్ల దగ్గర నిలబడి పనిచేశాను, వంగాను, లేచాను, మెట్లెక్కి దిగాను. నాలుగు రోజులు ఏమీ లేదు, నడుం నొప్పి తప్ప. ఐదో రోజు మధ్యాహ్నం కుడి తొడ బయటి వైపు చీమలు పాకాయి. ఏడో రోజుకి మండింది. సూది తెచ్చి గుచ్చుకున్నాను. తెలిసీ తెలియనట్టుంది.

ముందు భయం వేసింది. వెంటనే సంతోషం వేసింది, ఇది నాన్న జబ్బు కాదు, నీకు వచ్చింది నా బెల్టు వల్ల అని. ఆ సంతోషం పూర్తిగా మనసులోకి దిగకముందే గ్లిసెరియో గుర్తొచ్చాడు. నీ ప్రాణం దక్కాలంటే అతన్ని తోసింది నేను కావాలి. ఇందులో ఏది కోరుకోవాలో తెలియక బల్ల దగ్గరే కూర్చుండిపోయాను. నేను నిన్నే కోరుకున్నాను. అది నీకు తెలియాలి.

సడలని బెల్టు అని నేను గొప్ప చెప్పుకుని అమ్మేదాన్ని. కిందటేడు ఒక ముసలి వడ్రంగి కట్టుకుని చూసి, "అమ్మా, ఇది పొట్టని కొరుకుతోంది, బరువు ఎముక మీద కూర్చోవాలి" అన్నాడు. "పొట్ట తగ్గించు తాతా" అని నవ్వాను.

ఖాయంగా ఇదేనని నాకు తెలియదు. నేను డాక్టరుని కాదు. మూడు వారాలు బెల్టు లేకుండా ఉండు. తగ్గకపోతే విరాక్ వెళ్లి చూపించుకో, నేనే వచ్చి తీసుకెళ్తాను. మిగతావాళ్లని ఒక్కొక్కరినే పక్కకి పిలిచి అడుగు. ఈ ఉత్తరం నీకు చేరడానికి పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ మీరు వాటితోనే పైకి ఎక్కుతుంటారని తెలిసి నేను ఇక్కడ ఉండాలి.

ఎర్మీ


శాన్ కస్మే
22 మార్చి 1988

అక్కా,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. పడవలు సరిగ్గా తిరగడం లేదు.

ఇక్కడ పని ఆగిపోయేలా ఉంది. మా జట్టులో క్రిస్పులో అనే వడ్రంగి నిన్న పరంజా మీద నిలబడి, దూలాన్ని రెండు చేతులా కావలించుకుని, "నన్ను దింపండి, నా కాలు లేదు" అని ఏడ్చాడు. కాలు కనబడుతూనే ఉంది. బాసిలియో తాడు కట్టి దింపాడు. ఏమైందని అడిగితే ఎవరికీ చెప్పడు. మనుషుల్ని దగ్గరికి రానివ్వడు.

ఊళ్లో వాళ్లు రకరకాలుగా అంటున్నారు. పునాది దగ్గర పాత సమాధి కదిలించామట, అది కప్పు ఎక్కిన వాళ్లని ఒక్కొక్కరినే లాగుతోందట. ఫాదరు పవిత్రజలం చల్లారు. నేను నమ్మను. కానీ నిచ్చెన దగ్గరికి వెళ్లేసరికి చేతులు చెమట పడుతున్నాయి. గ్లిసెరియో, క్రిస్పులో, నేను. ముగ్గురికీ ఒకే నాన్న లేడు కదా. మరి ఇది ఏమిటి?

ఈ పూట ఎడమ తొడలో కూడా చీమలు పాకినట్టనిపించింది. భయంతో అలా అనిపించిందో, నిజమో తేల్చుకోలేకపోతున్నాను.

సిమో


శాన్ కస్మే
2 ఏప్రిల్ 1988

అక్కా,

నీ ఉత్తరం ఇరవై ఎనిమిదిన అందింది. విప్పేశాను. అందరి చేతా విప్పించాను.

ఒక్కొక్కరినే పిలవమన్నావు. నాకంత ఓపిక లేకపోయింది. అన్నం దగ్గర అందరూ ఉండగానే నా ప్యాంటు తొడ దాకా పైకి లాక్కుని, "ఇక్కడ మేకుతో నొక్కండి, నాకు తెలియదు" అన్నాను. ఎండుచేప నములుతూనే బాసిలియో అన్నాడు: "నాకూ అంతే. ముసలితనం అనుకున్నాను. చెబితే కింద పలకలు చిత్రిక పట్టమంటావని చెప్పలేదు."

తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత ఇంకొకడు. మిగిలిన ఎనిమిది మందిలో, నాతో కలిపి, ఐదుగురం. వారాల తరబడి ఐదుగురం పక్కపక్కనే కూర్చుని మేకులు కొట్టాం, ఎవడి భయం వాడు సంచిలో వేసుకుని.

క్రిస్పులో కుష్టు అనుకున్నాడట. చర్మం మొద్దుబారితే అదేనని వాళ్లమ్మ చిన్నప్పుడు చెప్పిందట. తనని కులియోన్ దీవికి పంపేస్తారని, అక్కడి నుంచి ఎవరూ తిరిగి రారని, రెండు నెలల నుంచి పాపని ఎత్తుకోలేదు. వేరే కంచంలో తింటున్నాడు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "మళ్లీ చదువు మేస్త్రీ" అన్నాడు. మళ్లీ చదివాను. లేచి ఇంటికి వెళ్లిపోయాడు. పని మధ్యలో వెళ్లాడని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నా మాట విను. గ్లిసెరియోకి చెప్పొద్దు. వాడి ఎముకలు ఎలా విరిగినా ఒకేలా అతుక్కుంటాయి. చెబితే వాడికి ఒరిగేదేమీ లేదు. నీ పేరు పోతుంది, ఇక నీ బెల్టు ఎవడూ కట్టడు. ఇక్కడున్న వాళ్లు నోరు విప్పరు, నేను మాట తీసుకున్నాను. నేనూ ఫాదరుకి ఒక మాట చెప్పి ఉన్నాను, దాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకోవడం తేలిక కాదు.

సిమో


మరికినా
14 ఏప్రిల్ 1988

సిమో,

కొత్తవి కుడుతున్నాను. తిన్నగా ఉండే పట్టీ కాదు, తుంటి ఎముకల మీద కూర్చునేలా వంపు తిప్పి కోశాను. వెనక వెడల్పు, ముందు సన్నం. లోపల మెత్తటి ఉన్ని పట్టీ. భుజాల మీదుగా రెండు నార పట్టీలు, మీ దీవి అబాకా నారతోనే నేయించాను, తడిసినా బిగుసుకోదు. బరువు భుజాలూ ఎముకలూ మోయాలి, పొట్ట కాదు. సంచులు రెండు పక్కలా, కాస్త వెనక్కి. మేకుల సంచి చిన్నది చేశాను. ఖాళీ అవగానే దిగి రావాలి. మీరు తిట్టుకున్నా సరే, పెద్దది కుట్టను.

ఒకరి బెల్టు ఇంకొకరికి పనికిరాదు. ఎవరికి వాళ్లు బరువు నింపి కట్టుకుని, గొంతుక్కూర్చుని, నిచ్చెన ఎక్కి, వంగి చూసుకోవాలి. ముందు వైపు రెండు వేళ్లు దూరాలి. దూరకపోతే అది ఎంత అందంగా ఉన్నా వద్దు. పార్సెలులో పంపి మీ ఇష్టానికి వదిలే పని ఇక చేయను. నేనే టేపు పట్టుకుని వచ్చి కొలుస్తాను.

నీ ఉత్తరంలో నాకు మింగుడు పడనిది ఒకటి ఉంది. ఒక్కదానికే జవాబు రాయి. గ్లిసెరియో ఆ రోజు తాగాడా?

ఎర్మీ


శాన్ కస్మే
25 ఏప్రిల్ 1988

అక్కా,

నిన్న స్నానం చేస్తుంటే తొడ మీద నీళ్లు చల్లగా తగిలాయి. చెంబు పక్కన పెట్టి అక్కడే కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా ఆవిడకి ఇప్పుడు చెప్పొచ్చు.

నువ్వు అడిగినదానికి. తాగలేదు.

పొద్దుటి నుంచి నా పక్కనే ఉన్నాడు. ఇద్దరం ఒకే సీసాలో అల్లం కషాయం తాగాం. వాడి నోటి దగ్గర ఏ వాసనా లేదు. ఫాదరు అడిగినప్పుడు కాళ్ల గురించి అడుగుతారేమోనని భయమేసింది. కాళ్ల మాట వస్తే నా కాలి దగ్గరికి వస్తుందని నోటికొచ్చింది అనేశాను. అది ఊరంతా పాకింది. ఇంకొకటి నీకు రాయలేదు. వాడి భార్య ఫెలీసా, తాగనని ఒట్టు వేయించుకున్నాకే వాడిని చేసుకుంది. ఫాదరు చెప్పారంటే నమ్మకుండా ఎలా ఉంటుంది? పుట్టింటికి వెళ్లిపోయింది. ఇంతవరకూ ఆసుపత్రి గడప తొక్కలేదు.

అందుకే చెప్పొద్దన్నాను. నీ కోసం అన్నట్టు రాశాను. అది సగమే.

సిమో


విరాక్
11 మే 1988

సిమో,

పడవ దిగి నీ దగ్గరికి కాకుండా ముందు ఆసుపత్రికి వచ్చాను. నిన్ను చూస్తే ధైర్యం సగం కరిగిపోతుందని తెలుసు.

గ్లిసెరియో మంచం కిటికీ పక్కన ఉంది. చిక్కిపోయాడు. నన్ను చర్చి నుంచి వచ్చినదాన్ననుకుని, "మళ్లీ ప్రమాణం చేయమంటారా?" అన్నాడు. "కాదు నాయనా. నీ బెల్టు కుట్టింది నేను. ఒనెసిమో అక్కని" అన్నాను.

"మంచి బెల్టు అక్కా. అంత ఎత్తు నుంచి పడినా ఊడలేదు" అన్నాడు.

సిమో, ఆ మాట దగ్గర ఆగిపోవాలనిపించింది. తెచ్చిన అరటిపళ్లు ఇచ్చి లేచి రావొచ్చు. మంచం పట్టీ పట్టుకున్నాను. తర్వాత అంతా చెప్పాను. ఏడో రంధ్రం, నల్లబడిన అంచు, నా తొడ, నీ తొడ, క్రిస్పులో కంచం. నువ్వు ఫాదరుతో అన్న మాట కూడా చెప్పాను.

"ఆ రోజు తొడ దూలానికి ఆనిందనే అనుకున్నానక్కా" అన్నాడు. "అందరూ తాగావు తాగావు అంటుంటే, తాగానేమో, పడ్డ దెబ్బకి మర్చిపోయానేమో అనుకోవడం మొదలుపెట్టాను. పొద్దున ఏం చేశానో రోజూ మొదటి నుంచి గుర్తు చేసుకుంటాను. కల్లు ఎక్కడా కనబడదు. అయినా నా మీద నాకే నమ్మకం పోయింది." ఇక్కడికి వచ్చిన నెలకి తొడ మంట తగ్గిందట. ఎందుకు తగ్గిందో అర్థం కాలేదట.

"నా మీద కోపం రావడం లేదా?" అని అడిగాను.

"వస్తుందిలే. ఇప్పుడు కాదు. ముందు కాగితం తియ్యి."

ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. తాగి పడలేదని, బెల్టు నొక్కి తొడ మొద్దుబారి పడ్డాడని, ఆ బెల్టు కుట్టింది హెర్మీనియా అనే నేనని. కింద నా సంతకం పెట్టాను. తోలు మీద నా గుర్తు వెయ్యడం అలవాటే, కాగితం మీద పేరు మాత్రం ఒక్కో అక్షరమే ఆగి ఆగి రాశాను. ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. "మేస్త్రీ మాట కూడా రాయి" అన్నాడు. రాశాను. దాని కింద నీ సంతకానికి చోటు ఖాళీగా ఉంది.

ఆ కాగితం ఈ ఉత్తరంతో పాటు జీపు డ్రైవరు చేతికిస్తున్నాను. ఎదురుగా నిలబడి అడిగితే నువ్వు కాదనలేక పెడతావు. అలా వద్దు. ఒక్కడివే కూర్చుని ఆలోచించుకో. నేను శనివారం దాకా ఇక్కడే ఆయన దగ్గర ఉంటాను. ఇప్పటిదాకా ఆయనకి అన్నం కలిపి పెట్టే మనిషి లేదు.

ఎర్మీ


13 మే 1988
ఫెలీసా పుట్టింటి నుంచి

అక్కా,

ఈ ఉత్తరం నీ చేతిలో పెట్టిన మనిషే ఫెలీసా. ముందు ఆమెకి కుర్చీ వెయ్యి. జీపులో చాలా దూరం నిలబడి వచ్చి ఉంటుంది.

కాగితం నిన్న మధ్యాహ్నం అందింది. వెంటనే సంతకం పెట్టలేదు. నిజం చెబుతున్నాను, చింపేద్దామని కూడా అనుకున్నాను. సాయంత్రం ఫాదరు దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఇది నాకు కాదు, ఆ అమ్మాయికి చెప్పు. ఆదివారం అందరికీ నేను చెబుతాను" అన్నారు. పొద్దున బయల్దేరి ఇక్కడికి వచ్చాను.

ఫెలీసా వాకిట్లో అబాకా నార ఆరబెడుతోంది. నన్ను కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. చివరిదాకా విని, "మూడు నెలలు నీకు తెలుసు కదా" అంది. తెలుసన్నాను. "ఆయన వద్దనుకుంటున్నాడేమోనని నేను కబురు పంపలేదు. నేను వద్దనుకున్నానని ఆయన పంపలేదు. మూడు నెలలు" అని మళ్లీ అంది. తిట్టి ఉంటే బాగుండేది.

కాగితం ఇస్తే చదవలేదు. "ఆయనకి చూపించాక చదువుతాను" అని రవికెలో పెట్టుకుంది. నా సంతకం ఉంది, చూసుకో.

ఆగిన పని సోమవారం నుంచి మళ్లీ మొదలుపెట్టమని ఫాదరు అడుగుతున్నారు. పైకి ఎక్కాలంటే నాకింకా భయమే, నేను దాచడం లేదు, మనవాళ్లందరికీ చెప్పాను. వాళ్లూ చెప్పారు. నువ్వు వచ్చి ఒక్కొక్కరి నడుమూ కొలిచి, రెండు వేళ్లు దూర్చి చూసేదాకా నిచ్చెన నేల మీదే పడుకోబెట్టి ఉంచుతాను.

సిమో